అల్లుణ్ణి అడగకూడని మాట

ఆపరేషన్ థియేటర్ హెడ్ సిస్టర్‌కి ఆసుపత్రిలో ఎవరిమీదా నమ్మకం లేదు. ఆయా తుడిచిన నేలను వేలితో రుద్ది చూసేది. సర్జన్ అంతటివాడు చేతులు కడుక్కుంటుంటే పక్కనే నిలబడి, "మోచేతుల దాకా సార్" అనేది. ఒక్క మత్తు డాక్టరుకే మినహాయింపు. ఆయన ఆమె అల్లుడు.

ఆపరేషన్‌లో వాడగా సిరంజిలో మిగిలిన, మత్తెక్కించే నొప్పి మందును సింకులో పారబోయాలి. ఒకరు పారబోస్తుంటే ఇంకొకరు కళ్లారా చూసి రిజిస్టరులో సంతకం పెట్టాలి. మందు దారి తప్పకుండా పెట్టుకున్న పద్ధతి అది. పదిమందిలో ఆమెను "సిస్టర్" అని పిలిచే అల్లుడు, ఆ సంతకం వేళకు మాత్రం గొంతు తగ్గించి "అత్తయ్యగారూ" అనేవాడు. ఆ పిలుపుకే ఆవిడ పెన్ను తీసేది. సిరంజి ఏదని ఏడాదిన్నరలో ఒక్కనాడూ అడగలేదు. అల్లుడు భోజనానికొస్తే ఇంకాస్త వడ్డించుకోమంటాం గాని, మిగిల్చింది ఏం చేశావని నిలదీస్తామా?

పైగా అల్లుడంటే అలాంటి ఇలాంటి అల్లుడు కాదు. ఎవరికి సెలవు కావాలన్నా, "మీరు వెళ్లండి, మీ కేసులు కూడా నేను చూస్తా" అనేవాడు. ఆదివారాలు కూడా ఆసుపత్రిలోనే. ఇంట్లో ఎవరిమీదా గొంతెత్తడు.

"కూరలో ఉప్పు మర్చిపోయానమ్మా. తినేసి లేచి వెళ్లిపోయారు, మాటైనా అనలేదు" అని స్కూలు టీచరైన కూతురు ఒకసారి మురిసిపోయింది.

"మీ నాన్నయితే కంచం తిరగేసేవారు. అదృష్టవంతురాలివే" అంది సిస్టర్.

కూర ముందున్నదో లేదో కూడా ఆయనకు తెలియడం లేదని ఇద్దరికీ తోచలేదు.

ఈ అదృష్టం ఒక మంగళవారం ఉదయం బీటలు వారింది. కాలు విరిగిన బస్సు డ్రైవరు ఆపరేషన్ అయి బయటికొచ్చాక వార్డంతా దద్దరిల్లేలా అరిచాడు. "సూదిలో మందు పోశారా, కుళాయి నీళ్లు పోశారా?"

"కొందరు సుకుమారులు లెండి సిస్టర్. మొన్నటి ఇద్దరూ ఇంతేగా" అంది వార్డు నర్సు.

మొన్నటి ఇద్దరిలో ఒకాయన రాళ్లు కొట్టే పనివాడు. సుకుమారుడెలా అవుతాడు? సిస్టర్ మూడు కేసు షీట్లూ తిరగేసింది. ముగ్గురికీ నొప్పి మందు పూర్తిగా ఇచ్చినట్టే రాసుంది. ముగ్గురికీ ఇచ్చిన చెయ్యి ఒక్కటే. ఆ చెయ్యి అల్లుడిది. అయినా కేసు షీట్లు యథాస్థానంలో పెట్టి, అరగంటసేపు కత్తెరలు సర్దింది. సర్దినవే మళ్లీ సర్దింది.

మధ్యాహ్నం ఒక ఆపరేషన్ ముగిసింది. తర్వాతిది అపెండిక్స్ కేసు, పదేళ్ల పాప. అప్పటికే బల్లమీద పడుకోబెట్టారు. అల్లుడు రిజిస్టరు తెచ్చాడు.

"అత్తయ్యగారూ, ఒక్క సంతకం."

"సిరంజి ఏది బాబూ?"

ఆయన నవ్వాడు. "ఇప్పుడే పారబోశానండీ."

ఆవిడ సింకులో చెయ్యి పెట్టింది. "పొడిగా ఉందే?"

"ఎండలండీ."

"థియేటర్లో ఎండా?"

 అల్లుడి నుదుటి మీద చెమట పట్టింది. చల్లటి గదిలో చెమటేమిటి అనుకుంటూ ఆవిడ మొదటిసారి ఆ ముఖంలోకి తేరిపార చూసింది. కంటిపాపలు ఆవగింజలంత ఉన్నాయి, ఆ మందు ఎక్కినవాళ్లకి ఉండేట్టు. రోగుల్లో అయితే గుమ్మంలోంచే కనిపెట్టేసేది.

"మానేస్తానండీ. రెండు వారాలు టైమివ్వండి" అన్నాడు నెమ్మదిగా. "మీ అమ్మాయి మొహం చూసైనా..."

"ఇదివరకెన్నిసార్లు మానేశారు?"

"నాలుగు."

ఆవిడ పెన్ను జేబులో పెట్టుకుంది. పాపను బల్లమీంచి దింపమంది. "డాక్టరుగార్ని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు, బాత్రూముకి వెళ్లినా సరే" అని ఇద్దరు అటెండర్లకు చెప్పి, రిజిస్టరు చంకలో పెట్టుకుని సూపరింటెండెంట్ గదికి నడిచింది.

ఆయన విని చిరునవ్వు నవ్వాడు. "అత్తా అల్లుళ్ల గొడవలు ఇంట్లో తేల్చుకోవాలమ్మా. అంత బుద్ధిమంతుడైన డాక్టరు మనకెక్కడ దొరుకుతాడు?"

"బుద్ధిమంతుడే సార్. అందుకే ఎవరం అడగలేదు." రిజిస్టరు తెరిచి బల్లమీద పెట్టింది. "ఇవన్నీ నా సంతకాలు. ఒక్కటి కూడా చూసి పెట్టింది కాదు."

"మీ ఉద్యోగం పోతుందమ్మా."

"పాపకి వేరే మత్తు డాక్టర్ని పిలిపించండి సార్, ముందు. అల్లుణ్ణి చికిత్సకి పంపండి. నా సంగతి తర్వాత."

గంటకల్లా కూతురు స్కూలు నుంచి పరుగున వచ్చింది. భర్త ఒక గదిలో మంచం మీదున్నాడు. ఇంకో డాక్టరు పరీక్ష చేస్తున్నాడు. పొడుగు చేతుల చొక్కా విప్పించారు. కూతురు ఆ చేతుల మీది సూది గుర్తుల వంక చూసి, మళ్లీ చూసి, గోడకు ఆనుకుంది.

"ఎన్నాళ్లయిందో లైటు తీసేస్తే గాని చొక్కా విప్పరమ్మా. సిగ్గరి అనుకున్నాను" అంది. కాసేపటికి కళ్లు తుడుచుకుని, "ఎవరికీ చెప్పకు. కామెర్లని చెబుదాం. కామెర్లకి నెలరోజులు సెలవు పెట్టినా ఎవరూ ఏమీ అనుకోరు" అంది.

సిస్టర్ జవాబు చెప్పేలోగా ఫోను మోగింది. వియ్యపురాలు.

"వాడికి ఒంట్లో బాగోలేదటగా వదినగారూ? ఊరంతా కామెర్లు తిరుగుతున్నాయి, అవేనా?"

కూతురు చేతులు జోడించింది. కామెర్లంటే నెలకి తగ్గిపోతాయి. నెల తిరిగేసరికి అందరూ కలిసి ఆయన్ని మళ్లీ అదే మందుల బీరువా ముందు నిలబెడతారు.

"కాదు వదినగారూ. మత్తుమందుకి అలవాటు పడ్డారు. చికిత్సకి పంపిస్తున్నాం. మీరు కూడా రావాలి."

 వియ్యపురాలు గుసగుసగా, "కాస్త మెల్లగా అనండి. స్పీకరు ఆన్‌లో ఉంది, పక్కింటావిడ ఇక్కడే కూర్చుంది" అంది.

సిస్టర్ మళ్లీ చెప్పింది, ఈసారి ఒక్కో మాటా విడమరిచి.