రాలిన పళ్ళు

గ్రౌండ్ చెర్రీ మొక్కలంటే టైలరమ్మకు ప్రాణం. మొదటిసారి గింజలు నాటినప్పుడు అతి ప్రేమతో నీళ్ళు పోసి మొలకలన్నీ కుళ్ళబెట్టుకుంది. రెండోసారి బుద్ధిగా పెరుగు డబ్బాల్లో వేసి, కిటికీ దగ్గర పెట్టి, కాస్త ఎదిగాక పెరట్లో నాటింది. ఇప్పుడు కొమ్మకొమ్మకీ కాగితం బుడ్డల్లాంటి తొడుగులు, వాటిలో గోలీకాయలంత కాయలు. కడుపుతో ఉన్న ఆడపడుచుకు ఏం తిన్నా ఇమడడం లేదు. పుల్లగా, తియ్యగా ఏమైనా పెట్టమంటే, ఈ పళ్ళతో జామ్ చేస్తానని మాటిచ్చింది.

ఈ పండును కోయకూడదు. పండితే తనే రాలుతుంది. తొడుగు ఎండి, లోపల పండు పసుపురంగు తిరగాలి. పచ్చికాయలో విషగుణం ఉంటుంది. ఈ సంగతి మొగుడికి చెప్పింది, ఆడపడుచుకు చెప్పింది. మోకాళ్ళ నొప్పులతో పెరట్లోకి ఏం వెళుతుందిలే అని అత్తగారికి మాత్రం చెప్పలేదు.

ఆ సాయంత్రం షాపు నుంచి వచ్చేసరికి ఇల్లంతా జామ్ వాసన. వంటింట్లోకి వెళ్ళి చెత్తబుట్ట చూసింది. పసుపుపచ్చని పళ్ళన్నీ అందులో ఉన్నాయి. పొయ్యి పక్కన మాత్రం ఆకుపచ్చ తొడుగుల కుప్ప.

"అత్తయ్యా, ఈ పళ్ళెందుకు పారేశారు?"

"కింద పడ్డవమ్మా అవి. మట్టిలో దొర్లినవి కడుపుతో ఉన్న పిల్లకు పెడతామా? అందుకే చెట్టు మీద నవనవలాడేవి కోశా."

టైలరమ్మ ఆడపడుచు గదిలోకి పరుగెత్తింది. మంచం పక్కన ప్లేటు, అందులో జామ్ రాసిన బ్రెడ్డు. ప్లేటు లాగేసింది.

"తిన్నావా? ఎంత తిన్నావు?"

"ఎక్కడ వదినా! ఎదురుగా పెట్టి ఊరిస్తోంది అమ్మ. కాస్త చేదుగా ఉందట. ముందు తను తిని, ఏమీ కాకపోతే అప్పుడు తినమంది."

పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టే వచ్చి, మళ్ళీ పోయింది. వంటింట్లోకి తిరిగొస్తే అత్తగారు కుర్చీలో పొట్ట పట్టుకుని కూర్చుంది. మొహమంతా చెమట.

"మీరెంత తిన్నారు?"

"రెండు గరిటెలు. ఆపైన దిగలేదు."

"అనుమానం వచ్చాక పారేయొచ్చుగా!"

"అన్నాళ్ళు కష్టపడి పెంచావు కదా, పారేయడానికి చేతులు రాలేదు. దాని కడుపులో బిడ్డుంది. నా కడుపులో ఏముంది చెప్పు?"

తను ముందే ఒక్క మాట ఈవిడ చెవిన వేసి ఉంటే సరిపోయేది కదా! టైలరమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుస్తూనే డాక్టరుకు ఫోన్ చేసింది. వెంటనే తీసుకురమ్మన్నాడు.

"లేవండి అత్తయ్యా. నా భుజం పట్టుకోండి."

ఆవిడ మెల్లగా లేచి గుమ్మం దగ్గర ఆగింది. "దానికి చెప్పకే, కంగారుపడుతుంది" అంది.

కంగారులో కోడలు చెప్పుల్లేకుండానే బయల్దేరిన సంగతి ఆవిడ గమనించనేలేదు.