పదిహేడో నంబరు గాజుపలక

నేను ఒక గాజుపలకను. మూడంగుళాల పొడవు, అంగుళం వెడల్పు. మందం చెప్పుకోదగ్గది కాదు. కొలిమిలో పుట్టి, యాభైమంది తోబుట్టువులతో ఒకే అట్టపెట్టెలో ప్రయాణం చేసి, రాయలసీమలోని ఒక పెద్దాసుపత్రి పాథాలజీ ల్యాబుకు చేరాను.

అక్కడ మహబూబ్ బీ అనే టెక్నీషియన్ ఒక మనిషి మెదడు కణితి ముక్కను ఉల్లిపొరకంటే పల్చగా కోసి నామీద అంటించింది. ఆ మనిషి ఓబులేసు, బస్సు కండక్టరు. తర్వాత నాకు రంగు వేశారు. నెత్తురునాళాల గోడలను బయటినుంచి పట్టుకుని నిలబెట్టే కణాలుంటాయి, వాటిని పెరిసైట్లంటారు. వాటిలో ఉండే ఒక ప్రోటీన్‌కు అంటుకునే మందు వేస్తే అవి ఉన్నచోట గోధుమరంగు తేలుతుంది. ఆ ప్రోటీనే వాటికి గుర్తు. నామీద ఆ రంగు కాఫీ ఒలికినట్టు తేలింది.

ల్యాబు పెద్ద డాక్టర్ చక్రధరం గారికి ఒక సిద్ధాంతం ఉండేది. కణితిలో పెరిసైట్లు ఎంత ఎక్కువైతే రోగి అంత తొందరగా పోతాడని. సిద్ధాంతం ముందు పుట్టింది, రుజువులను తర్వాత వెతుక్కున్నారు. నలభైమంది రోగుల పలకల్లో నాది పదిహేడో నంబరు, అందరికంటే ముదురు రంగు. నా ఫొటోను తలుపంత చేసి మూడు సదస్సుల్లో చూపించారు. మూడుచోట్లా చప్పట్లు మోగాయి. నాకూ కొంచెం గర్వం తలకెక్కిందని ఒప్పుకుంటాను.

సిద్ధాంతం ప్రకారం ఓబులేసు ఆరు నెలల్లో పోవాలి. రెండేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం ఒకాయన ల్యాబుకు వచ్చాడు.

"ఓబులేసు అనే పేషెంటు గాజుపలక కావాల సార్. హైదరాబాదు డాక్టరు చూస్తానన్నాడు."

చక్రధరం గారు కాగితాలు తిరగేశారు. "మీరు ఆ పేషెంటుకు ఏమవుతారు?"

"నేనే సార్ ఆ పేషెంటు."

డాక్టరు గారు కాసేపు ఆయన్ను అచ్చుతప్పును చూసినట్టు చూశారు. వారం ఆగి రమ్మని పంపేసి, పరిశోధన చేస్తున్న పద్మలతను పిలిచారు.

"ఆ కేసు జాబితాలోంచి తీసెయ్యమ్మా. ముప్పైతొమ్మిదితో సిద్ధాంతం చక్కగా నిలబడుతుంది."

"ఆ మనిషి కూడా నిలబడే ఉన్నాడు కదా సార్. ఇంకో గుర్తుతో రంగు వేసి చూద్దామా?"

"రెండో గుర్తు పెడితే రెండో సందేహం వస్తుంది. థీసిస్ ఈ ఏడాది ఇవ్వాలని ఉందా లేదా?"

ఉంది. థీసిస్ చేతికొస్తే చేరడానికి ఒక కాలేజీలో ఉద్యోగం సిద్ధంగా ఉంది. పద్మలత రెండు రోజులు నన్ను మైక్రోస్కోపు కింద పెట్టి తీసి, మళ్లీ పెట్టి చూసింది. మూడోరోజు మహబూబ్ బీ చేత అదే ముక్కలోంచి ఇంకో పొర కోయించి, వేరే గుర్తుతో రంగు వేయించింది. ఆ పలకమీద గోధుమరంగు అక్కడక్కడా చుక్కల్లా మాత్రమే తేలింది. మొదటి గుర్తు పెద్ద రక్తనాళాల కండర కణాల్లోనూ ఉంటుంది. నామీద మెరిసిందంతా చాలావరకు ఆ కండరమే. పెరిసైట్ల పేరుతో మూడు సదస్సుల్లో చప్పట్లు కొట్టించుకున్నది ఎవరో తేలేసరికి నాకు సిగ్గేసింది. డాక్టరు గారికి మాత్రం ఏమీ వేయలేదు.

ఓబులేసు మళ్లీ వచ్చినప్పుడు పద్మలత ఆయన్ను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. ఆయన ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు.

"ఇంత సన్నగా ఉండేదానికా మా ఇంట్లో వాళ్లంతా అట్ల ఏడ్సింది?"

"మిమ్మల్ని జాబితాలోంచి తీసెయ్యమన్నారు. నేను తియ్యలేదు."

"బస్సులో కూర్చున్నోన్ని దిగిపోయినాడని రాస్తే ఎట్ల మేడమ్?" అన్నాడు.

నలభై కేసులకూ రెండో గుర్తు వేయడానికి ఏడాది పట్టింది. పెరిసైట్ల లెక్కకూ రోగుల ఆయుష్షుకూ సంబంధం కనబడలేదు, సిద్ధాంతం కూలిపోయింది. కాలేజీ ఉద్యోగం ఇంకొకరికి వెళ్లింది. పద్మలత థీసిస్ మాత్రం నలభైమందితోనే అచ్చయింది. ఆ తర్వాత ఆమెకు ఈ ల్యాబులోనే పాఠాలు చెప్పే పని దొరికింది.

ఓబులేసు నన్ను హైదరాబాదు డాక్టరుకు చూపించి తిరిగి ఇచ్చాక పాఠాల పెట్టెలో పెట్టారు. ఏటా కొత్త విద్యార్థులకు చక్రధరం గారే చూపిస్తారు.

"ఒక్క గుర్తును నమ్మి పెరిసైట్ అనెయ్యకండి. నేను మొదటినుంచీ చెబుతున్నదే ఇది."

పద్మలత పక్కనే ఉండి లెన్సు తుడుస్తుంది. మొన్న ఆయన వెళ్లాక ఒక విద్యార్థిని ఆమెను అడిగింది.

"ఈ పేషెంటు ఎన్నాళ్లు బతికారు మేడమ్?"

"ఐదేళ్లు," అంది పద్మలత. "చివరి నెల దాకా డ్యూటీకి వెళ్లారు."