నడిమిపెట్టె నూనె

మాఘమాసాంతమున అనకాపల్లి పరిసరములందు బెల్లపు పొయ్యిల పొగలు మందగతిని మింటికెగసి ప్రాతఃకాలపు మంచుతో గలసి సూర్యబింబమును రాగిపళ్ళెమువలె మసకబార్చుచుండ, పాడువడిన యిటుకబట్టీ మైదానమున ఎఱ్ఱమట్టితో గట్టిన పందెపుబాట తడియారీయారక మెరయుచుండెను. ఆ బాటయందు దూరమునుండి రిమోటుతో నడపు మూరెడేసి పొడవుగల రేడియో కార్లు తుమ్మెదలదండువలె ఝుమ్మనుచు గుట్టలెక్కి గోతులు దాటి ఎఱ్ఱమట్టిని చిమ్ముచుండెను.

పందెగాండ్రలో ఏకైక బాలిక పదునేడేండ్ల మృదుల. కారు నడపుట ఆమె పని. దానిని విప్పి బిగించుట ఆమె తల్లి కాత్యాయని పని. ఇరువదియేండ్లుగా కుట్టుమిషన్లు బాగుచేసి సంసారభారమున సగము మోసిన యా యిల్లాలికి యంత్రముల గుట్టు చేతివ్రేళ్ళకే తెలియును.

మలుపునందు వెలుపలి చక్రము వడిగను లోపలి చక్రము మెల్లగను దిరుగుటకు వలయు పండ్లచక్రముల పెట్టెను డిఫరెన్షియల్ అందురు. కారునకు ముందొకటి వెనుకొకటి నడుమనొకటి యుండును. వానిలో బోయు నూనె చిక్కదనమునుబట్టి కారు స్వభావము మారును. నడిమిపెట్టెలో నూనె పలుచనైనచో, వేగమెత్తునపుడు తేలికపడిన ముందుచక్రములు మోటారు బలమునెల్ల హరించి వట్టిగా గిరగిర దిరుగును. కారు ముందుకు దుముకజాలదు. కాత్యాయని నాలుగు ఆదివారములు పరీక్షించి తగిన చిక్కని నూనెను నిర్ణయించి ముందునాటి మధ్యాహ్నము స్వహస్తములతో నింపియుండెను.

బాట నడుమ జంటదిబ్బలు కలవు. మొదటిదానిపై నెగసి రెండవదాని కావల దిగవలెను. నాలుగు ఆదివారములు అవలీలగా దాటిన మృదుల కారు ఆ యుదయపు రెండు పరుగులయందును పదునొకండుమారులు రెండవదిబ్బకు తలమోది బోర్లపడెను.

"ఏం చెల్లెమ్మా, దిబ్బకి దండాలు పెడుతున్నావా?" అని యొక పందెగాడు కేకవేయ పదిమంది నవ్విరి.

మృదుల రిమోటును తల్లియొడిలో బడవేసెను. "నా చేతుల్లోనే ఏదో ఉందమ్మా. ఫైనల్ నుంచి పేరు తీయించేస్తాను. ఇంకెప్పుడూ దీన్ని ముట్టుకోను."

తండ్రి సదాశివరావు వేరుసెనగకాయ నొలుచుచు ఆమె వీపు నిమిరెను. "పోనీలేమ్మా. సరదా తీరింది కదా. ఇంటికెళ్దాం పద."

ఆ కంఠమున విచారమునకు మారు ఊరట వినవచ్చెను. కాత్యాయని భర్తవంక నొకసారి చూచి కారును బల్లపై బెట్టి నడిమిపెట్టె మూత విప్పి వ్రేలు ముంచెను. తీగపాకమువలె సాగవలసిన నూనె చెఱకురసమువలె మణికట్టుదాక జారెను.

"దీన్నెవరు ముట్టుకున్నారు?"

సదాశివరావు తడబడెను. "నిన్న నువ్వు కొట్టుకెళ్ళినప్పుడు నేనే మార్చాను. పలుచటిది పోస్తే బండి మెత్తగా పోతుందని వీడియోలో చెప్పారు. పిల్ల ఎగరబోయి పడితే నలుగురూ నవ్వరా?"

"నవ్వారు కదండీ! పదకొండుసార్లు పడేశారు కదండీ దాన్ని!"

"దాని మంచికేనే..."

"ఏటండీ మంచి? పొద్దున్నించి అది తన చేతుల్ని తిట్టుకుంటుంటే పక్కన నించుని సెనక్కాయలు తిన్నారే! ఒక్కమాట చెప్పడానికి నోరు రాలేదా?"

ప్రక్కబల్లలవారు పనులు మాని చూచిరి. కాత్యాయని వారిని లెక్కింపలేదు. మృదుల మాత్రము తన యరచేతులను తెరచి క్రొత్తవానినివలె చూచుకొని చిక్కని నూనెసీసా నందుకొనెను.

"ఇలా తే తల్లీ, నేను పోస్తాను."

"వద్దు నాన్నా. ముట్టుకోకు."

ఆమెయే పోసెను. చిక్కని నూనెలో జిక్కిన బుడగలు తొందరపెట్టినను పైకి రావు. ముగ్గురును పావుగంట వానికై కాచియుండిరి. ఆ వ్యవధిలో కాత్యాయని కోపము చల్లారకపోగా మరింత గడ్డకట్టెను.

మూత బిగించునంతలో పందెము నిర్వహించు నూకరాజు వచ్చెను. "ఫైనల్‌కి జంటదిబ్బల కాడ ఒక మనిషి కావాలమ్మా. బోర్లాపడ్డ బళ్ళని తిరగేసి పెట్టాలి. మీ తరఫున ఎవరొస్తారు?"

"ఈయనొస్తారు" అని కాత్యాయని భర్తవైపు దిరిగెను. "వెళ్ళండి. మీ కూతురు పడితే ఎత్తుదురు గాని."

సదాశివరావు నూకరాజు ఇచ్చిన కాషాయపు చొక్కా తొడిగికొని తలవంచి వెడలెను.

పందెము పదినిమిషములు సాగెను. జంటదిబ్బలకడ సదాశివరావు పరుల కార్లు నాలుగింటిని బురదలోనుండి యెత్తి నిలిపెను. మృదుల కారు వచ్చినప్పుడెల్ల అతడు మోకాళ్ళు వంచి చేతులు చాచెను. ఆమె నాలుగవ స్థానమున నిలిచెను, కప్పు రాలేదు. తుదిచుట్టునందు కారు మరల మొదటిదిబ్బపై నుండి యెగసెను. పడునని తండ్రి చాచిన యరచేతులమీదుగా దాని నీడ మాత్రము దాటిపోయెను.