మొగ దగ్గర రెండు పడవలు

పడవ కొనాలన్న ముచ్చట కామేష్‌ది. శ్రీకాకుళంలో మందుల షాపు నడుపుకునే మనిషి, ఆదివారాలు భార్య పద్మకుమారినీ ఎనిమిదేళ్ల కూతురు విశాలినీ వంశధార మీద తిప్పాలని రెండేళ్లుగా ఊరిస్తున్నాడు. చివరికి కళింగపట్నంలో రెండు పడవలు బేరానికి వచ్చాయి.

ఒకటి అతని స్నేహితుడు మురళీమోహన్‌ది. తెల్లటి ఫైబర్ పడవ, కారుకున్నట్టు స్టీరింగు, మెత్తని సీట్లు. రెండోది అసిరయ్య అనే జాలరిది. వెడల్పుగా, అడుగున తారు పూతలతో ఒడ్డునే ఉంది. దున్నపోతులా కదులుతుందని కామేష్ నవ్వాడు. పద్మకుమారి మనసూ తెల్లదాని మీదికే పోయింది.

ఒక్క చుట్టు తిరిగి రమ్మని తాళం ఇచ్చి, మురళీమోహన్ ఫోన్ మాట్లాడుతూ ఒడ్డునే ఉండిపోయాడు. పడవలో లైఫ్ జాకెట్లు రెండే ఉన్నాయి. పెద్దవాళ్ల జాకెట్టు విశాలికి మోకాళ్ల దాకా వచ్చింది. రెండోది పద్మకుమారి వేసుకుంది.

పడవ బాణంలా దూసుకుపోయింది. విశాలి కేరింతలు కొట్టింది. పది నిమిషాలకు ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. అంతసేపూ ఆ మోతలో వినిపించని కెరటాల హోరు ఒక్కసారిగా చెవిలో పడింది. ఇంజన్ ఆగినా ఒడ్డున సరుగుడు చెట్లు వెనక్కి పోతూనే ఉన్నాయి. సముద్రం వెనక్కి తీసే ఆటు నీళ్లు పడవను మొగవైపు, నది సముద్రంలో కలిసే చోటికి, లాక్కుపోతున్నాయి.

కామేష్ తాళం తిప్పుతూనే ఉన్నాడు. తెడ్డు ఏదని పద్మకుమారి అడిగింది. లేదు. లంగరూ లేదు. ముందు కొక్కేనికి కట్టిన తాడు మాత్రం ఉంది. మురళీమోహన్ ఫోన్ ఇంకా బిజీగానే ఉంది. భర్త మెడ మీద చెమట చూసి ఆమె కూతురి జాకెట్టు పట్టీలు బిగించింది. ఎదురుగా తెల్లటి నురగ గోడలా లేచి పడుతోంది.

అప్పుడు ఎడమవైపు కొంగలు కనిపించాయి. నీళ్ల మధ్యలో నిలబడి ఉన్నాయి. అంటే అక్కడ ఇసుక దిబ్బ ఉంది. పడవ దాన్ని రాసుకుంటూ పోతుంది. అది దాటిందా, ఇక సముద్రమే.

ఆమె తాడు మణికట్టుకు చుట్టుకుంది. కామేష్ చెయ్యి పట్టుకున్నాడు.

“నీకు ఈత రాదు కదే.”

“ఊరుకుంటే ఏటవుతాది, నువ్వే సెప్పు.”

ఆమె దిగింది. కాళ్ల కింద ఏమీ లేదు. ఉప్పునీళ్లు ముక్కులోకి పోయాయి. అయిపోయిందనుకున్న క్షణంలో బొటనవేలికి ఇసుక తగిలి జారింది, మళ్లీ తగిలింది. మడమలు దిగేసి తాడు బిగించింది. పడవ ఆమెను ఈడుస్తూనే ఉంది. కామేష్ కూడా దూకి పడవ అంచు పట్టుకున్నాడు. పైన విశాలి అమ్మా అమ్మా అని ఏడుస్తోంది. కాళ్ల కింద ఇసుక కొట్టుకుపోతుంటే పద్మకుమారికి మరో ఆలోచన లేదు, తాడు వదలకూడదు అంతే.

ఎంతసేపటికో టకటకమంటూ అసిరయ్య పడవ వచ్చింది. వీళ్లు మొగవైపు జారిపోవడం చూసి బయలుదేరాడట. మోకు విసిరి, అందర్నీ ఎక్కించుకుని, తెల్ల పడవను వెనక కట్టుకున్నాడు. తిట్టలేదు.

“ఆటు నీరమ్మా. దానికి మొగమాటం నేదు,” అన్నాడు.

ఒడ్డున పద్మకుమారి పళ్లు టకటకలాడాయి. ఆయిల్ అయిపోయుంటుందని, మీటరు ముల్లు సరిగ్గా చూపించడం లేదని మురళీమోహన్ నసిగాడు. కామేష్ తాళం అతని చేతిలో పెట్టి, ఇక ఏ పడవా వద్దన్నాడు.

కానీ ఆ వారం రోజులూ విశాలి స్నానానికి బకెట్ నీళ్లు చూసినా బిగుసుకుపోయింది. ఆ భయం నీళ్ల మీదే పోవాలని పద్మకుమారే భర్తను తీసుకుని అసిరయ్య దగ్గరికి వెళ్లింది. పడవ కొంటామంది. తెడ్లు, లంగరు, పిల్ల సైజు జాకెట్టు ఉండాలంది. ఇంజన్ నడపడం తనకూ నేర్పాలంది.

మొగకు దూరంగా, ఎగువన నేర్పాడు. పక్కన అసిరయ్య ఉన్నా, ఇంజన్ స్టార్టు చేసే తాడు ఆమే లాగింది. నాలుగోసారికి ఇంజన్ అందుకుంది. రెండు ఆదివారాలు విశాలి గట్టునే కూర్చుంది. మూడో ఆదివారం వచ్చి పడవ మధ్యలో కూర్చుని, ఇంజన్ దగ్గరున్న తల్లి చీర చెంగు రెండు గుప్పిళ్లతో పట్టుకుంది.

“నెమ్మదిగా పోనీమ్మా,” అంది.