చివరి చరణం

"కాలరు దగ్గర ఇంకాస్త గట్టిగా రుద్దు, మిసావో. వేదిక మీద లైట్లకి ముడతలన్నీ కనపడతాయి," అన్నాడు మా ఆయన తకెహికో, అద్దం ముందు నిలబడి ఉపన్యాసం వల్లె వేసుకుంటూ.

ఆ చొక్కా అయ్యాక స్వాగత సంఘం వాళ్లు భుజం మీద వేసుకునే పట్టీలు నలభై రెండు ఇస్త్రీ చెయ్యాలి. మా ఊరు తకావోకాలో రెటా అనే అమెరికా గాయని అభిమాన సంఘానికి అధ్యక్షుడు మా ఆయన. పూజా మందిరాల్లో పెట్టుకునే కంచు గంటలు అమ్ముకునే మనిషికి ఊళ్లో దొరికిన గౌరవం అది. ఇరవై ఆరేళ్లుగా ఆయన అధ్యక్షత వహిస్తున్నాడు. నేను పత్రిక రాయడం, కవర్లు అంటించడం, సమావేశాలకి అన్నం ముద్దలు కట్టడం, కుర్చీలు వెయ్యడం, తియ్యడం వహిస్తున్నాను. మిసావో అంటే పాతివ్రత్యం. మా నాన్న పెట్టిన పేరు, అప్పటికి నాకు మూడు రోజులు కాబట్టి అభ్యంతరం చెప్పలేకపోయాను.

ఆ గాయని అసలు పేరు లెటా. మాకు 'ల' నోరు తిరగక రెటా అయింది. అమెరికాలో ఆవిడెవరో పక్కింటివాళ్లకి కూడా తెలియదట. స్కూల్లో పిల్లలకి భోజనం వడ్డించే ఉద్యోగం చేసి పింఛను తీసుకుంటోంది. ఇక్కడ మాత్రం ఆవిడ వచ్చి పాడుతుందనగానే తొమ్మిది వందల సీట్ల హాలుకి టికెట్లు రెండు రోజుల్లో అయిపోయాయి. కారణం ఒకే పాట. 'కూర పొయ్యి మీద ఉంది' అని మొదలవుతుంది. నీ చొక్కాలు మడతపెట్టి ఉన్నాయి, తాళంచెవి పూలకుండీ కింద ఉంది, పిల్లికి పాలు పోశాను అంటూ సాగుతుంది. ఎప్పుడో ఒక గిన్నెల కంపెనీ టీవీ ప్రకటనలో దాన్ని వాడుకుంది. నడుముకి ఏప్రన్ కట్టుకున్న ఇల్లాలు గుమ్మంలో మొగుడి కోసం చిరునవ్వుతో చూస్తూ ఉంటుంది. అంతే, దేశమంతా మగవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. పెళ్లిళ్లలో పాడటం మొదలుపెట్టారు. మా అమ్మాయి పెళ్లిలో మా ఆయనే పాడాడు, అల్లుడు వెక్కి వెక్కి ఏడ్చాడు.

చివరి చరణం ప్రకటనలో లేదు. సంఘం పత్రిక మొదటి సంచికకి మొత్తం పాట నేనే జపనీసులోకి మార్చాను. పెళ్లికి ముందు అల్యూమినియం కంపెనీ ఎగుమతుల విభాగంలో ఇంగ్లీషు ఉత్తరాలు రాసేదాన్ని. ఆ ఉద్యోగం మానిపించిన రోజు మా అత్తగారు, "ఇంగ్లీషుతో ముల్లంగి ఊరుతుందా ఏమిటి?" అన్నారు. ఊరదు, నిజమే. నా అనువాదం చదివి మా ఆయన ఎర్ర పెన్ను తీశాడు. "'బస్సెక్కేశాను, నన్ను వెతక్కు' ఏమిటి? ఇది బావుండదు. ఆవిడ అలా రాసి ఉండదు, నీకే సరిగ్గా అర్థమై ఉండదు. 'బస్టాండులో నీ కోసం ఎదురుచూస్తున్నాను' అని పెట్టు." పెట్టాను. పొయ్యి మీద నిజంగానే చేప మాడుతోంది, వాదించే తీరిక లేదు. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని ఊరంతా ఇరవై ఆరేళ్లు పాడింది. ఒక్కోసారి పెళ్లి పందిట్లో ఆ చరణం వినపడితే నవ్వు ఆపుకోవడానికి నేను బాత్‌రూముకి వెళ్లి వచ్చేదాన్ని.

కచేరీ జరిగే ఆదివారం మధ్యాహ్నం మంచు ఆగకుండా కురిసింది. టోక్యో నుంచి రావాల్సిన దుబాసీ ఎక్కిన రైలు దారిలో ఆగిపోయింది. వేదిక వెనక అందరూ తలలు పట్టుకుంటే మా ఆయన నింపాదిగా, "మా ఆవిడ ఉందిగా, ఏదో నాలుగు ముక్కలు చెబుతుంది," అన్నాడు. హాలు వంటింట్లో భోజనం పొట్లాలు సర్దుతున్న నన్ను పిలిచి మైకు చేతిలో పెట్టారు. ఏప్రన్ విప్పుకోవడానికి కూడా ఎవరూ ఆగలేదు.

డెబ్బై రెండేళ్ల లెటా గిటారు ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. మా ఆయన పదమూడు నిమిషాలు మాట్లాడాడు. భర్తను కళ్లలో పెట్టుకుని చూసుకునే స్త్రీకి తప్ప ఇలాంటి పాట పుట్టదన్నాడు. ఈ కాలం ఆడపిల్లలు రోజుకోసారి వినాలన్నాడు. చివరికి పూలగుత్తి అందుకుని ముందు వరసలో కూర్చుంటూ, "ఈ పాట ఎలా పుట్టిందో ఆవిడనే చెప్పమను," అన్నాడు.

ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. లెటా కళ్లజోడు సవరించుకుంది.

"కళ్లలో పెట్టుకుని?" అని నన్నే అడిగింది. "ఎవరిని, రస్సెల్‌నా?"

తర్వాత చెప్పింది. పదకొండేళ్ల కాపురంలో రస్సెల్ ఏనాడూ కూరలో ఉప్పు సరిపోయిందనలేదట. ఒక మంగళవారం ఆవిడ పెద్ద గిన్నెలో కూర వండి, తొమ్మిది చొక్కాలు ఇస్త్రీ చేసి, చీటీ రాసిపెట్టి, ఆరేళ్ల కూతురి చెయ్యి పట్టుకుని బస్సెక్కేసింది. ఆ చీటీయే పాట. "ఒక్క మాట కూడా మార్చలేదు, రాగం కట్టానంతే," అని నా వైపు చూసి ఆగింది.

తొమ్మిది వందల మొహాలు నా వైపు తిరిగాయి. ముందు వరసలో మా ఆయన పూలగుత్తి ఒళ్లో పెట్టుకుని, ఇంకా వినకుండానే తల ఊపుతున్నాడు. అబద్ధం నాలిక చివర్నే ఉంది, ఎంతో అలవాటైనది, చొక్కాలాగా మడతపెట్టి ఉంది. కానీ ఆ పెద్దావిడ నన్ను ఎంత నమ్మకంగా చూస్తోందో. నా మాట పూర్తయ్యే దాకా ఎదురుచూసిన మనిషిని నా పెళ్లయ్యాక చూడటం అదే మొదలు. ఉప్పుతో సహా మొత్తం చెప్పాను. చివరి చరణం కూడా సరిచేసి చెప్పాను.

హాల్లో ఎవరూ కదల్లేదు. అప్పుడు రెండో వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. చూస్తే మా అత్తగారు. ఎనభై ఆరేళ్ల మనిషి, చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది, కానీ భుజాలు ఎగురుతున్నాయి. ఆవిడ పక్కన మంగలి షాపావిడ అందుకుంది. ఆ తర్వాత వరసకు వరస. ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు వాలిపోయి నవ్వుతుంటే మగవాళ్లు మెల్లిగా ఎవరి భార్య వైపు వాళ్లు చూసుకున్నారు. లెటా పాట ఎత్తుకుంది. బస్సు దగ్గరికి వచ్చేసరికి హాలంతా గొంతు కలిపింది.

ఇంటికి వచ్చేటప్పుడు కారు మా ఆయన నడుపుతున్నాడు. అత్తగారు వెనక సీట్లో కూర్చున్నారు.

"నీకు ముందే తెలుసా?" అన్నాడు మా ఆయన.

"మీకు అప్పుడే చెప్పాను. బావుండదన్నారు."

ఎర్ర దీపం దగ్గర కారు ఆగింది. "అమ్మాయి పెళ్లిలో పాడానే," అని గొణిగాడు. "రెండుసార్లు పాడానే."

"మిసావో," అని పిలిచారు అత్తగారు వెనక నుంచి. "ఆ బస్సు ఎక్కడికి వెళ్లిందంటావు?"

"అడగలేదు అత్తయ్యా."

"అడగాలి కదమ్మా. రోజుకి ఎన్ని ఉన్నాయో కూడా అడుగు."

మా ఆయన అద్దంలోంచి వాళ్లమ్మను చూశాడు. ఆవిడ కిటికీలోంచి మంచును చూస్తోంది. బయల్దేరే ముందు లెటా నన్నొక మాట అడిగింది, ఆలోచించి చెబుతానన్నాను. ఆలోచించడం అయిపోయిందని నాకప్పుడే తెలిసింది.

"దారిలో అడుగుతాను అత్తయ్యా," అన్నాను. "ఎల్లుండి నుంచి ఆవిడతో ఐదు ఊళ్లు తిరుగుతున్నాను. దుబాసీగా."

దీపం పచ్చబడింది. కారు కదల్లేదు. మా ఊళ్లో ఎవరూ హారన్ కొట్టరు, వెనక బండ్లన్నీ మర్యాదగా ఆగి ఉన్నాయి. చూస్తుండగానే పచ్చ కాస్తా మళ్లీ ఎర్రబడింది.