కనకం నీడకి సెలవు

సెలవురోజు పొద్దున్నే ఇంజన్ల షెడ్డు కూత వినపడగానే బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మగాళ్ల నీడలు కాళ్ల నుంచి ఊడి, గోడలు దూకి, అర్పా ఏటి ఒడ్డుకి షికారు పోయేవి. సాయంత్రానికి తిరిగొచ్చేవి. నీడలేని మనిషికి పని చెప్పకూడదు, అది కాలనీ కట్టుబాటు. ఆడవాళ్ల నీడలు మాత్రం ఎన్నడూ కదిలినవి కావు. ఎందుకని ఎవరూ అడగలేదు. అడగాల్సినవాళ్ల చేతులు పిండిలో ఉన్నాయి.

ఆ ఏడు ఇంగ్లీషు రాజుగారు గద్దెనెక్కి పాతికేళ్లయిందని సర్కారు సెలవిచ్చింది. స్టేషనుకి రంగుకాగితాల తోరణాలు కట్టారు. ఫిట్టరు ఆదినారాయణ మోప్కా నుంచి వేటమాంసం తెప్పించి షెడ్డు స్నేహితుల్ని భోజనానికి పిలిచాడు. ముందురోజే అతని పెళ్లాం కనకానికి విజయనగరం నుంచి కబురొచ్చింది, తల్లికి మరి లేవని జబ్బు చేసిందని.

"మజ్జాన్నం రాయపూర్ బండికి నన్నెక్కించీయండి. పాసుంది కదా," అంది కనకం రోటి దగ్గర్నించి.

"అచ్ఛా, ఇంటికి పదిమంది వస్తంటే ఎలిపోతావేటి? సెలవు నాకు గానీ నీకేటి?"

ముంగిట్లో పేకముక్కలు పంచుతున్న పైడిరాజు నవ్వాడు. "మా ఇంటిదీ ఇదే పాట బావా."

కనకం గారెలపిండి రుబ్బుతూనే ఉంది. ఎండలో ఆమె పక్కన రుబ్బుతున్న నీడ మాత్రం పొత్రం వదిలేసింది. లేచి చేతులు దులుపుకుని, పెరటిగోడ దాటి ఏటివైపు వెళ్లిపోయింది.

కాసేపటికి ఆదినారాయణ నీడ, ఎవరో వెనక్కి తరిమినట్టు, కాళ్లీడ్చుకుంటూ వచ్చి అతని మడమలకి అతుక్కుంది.

"బావా, నీకు డ్యూటీ పడిపోనాది," అన్నాడు పైడిరాజు, ముక్కలు దించకుండానే.

ఆదినారాయణ చటుక్కున లేచాడు. నీడ కనపడకుండా చూరు కిందికి జరిగాడు. "ఒలే, ఆ పిండి..." అనబోయాడు.

లోపల్నించి అతని తల్లి అప్పలనర్సమ్మ అడ్డొచ్చింది. "సెలవు మీదున్న మనిషిని పనికి పిలుస్తార్రా? మీ షెడ్డులో అయితే ఊరుకుంటారేటి? పొత్రం నువ్వట్టు."

కనకం చేతులు కడుక్కుంది. సంచీ తీసుకుని మండుటెండలో నీడలేకుండా స్టేషనుకి నడిచింది. వీధంతా ఆమెకి దారిచ్చింది.

ఆదినారాయణ రోటి ముందు చతికిలబడ్డాడు. ఇన్నేళ్ల కాపురంలో ఏ సెలవునాడూ ఆమె నీడ ఎక్కడుందో తను చూసిన పాపాన పోలేదు. మొదట సిగ్గేసింది స్నేహితులు చూస్తున్నారని. వాళ్లు ఉప్పులేని గారెలు తిని వెళ్లిపోయారు. సిగ్గు వెళ్లలేదు.

తల్లి కర్మలన్నీ అయ్యాక కనకం తిరిగొచ్చింది.

"మీ అమ్మనందుకున్నావా?" అన్నాడు ఆదినారాయణ గుమ్మంలోనే.

"అందుకున్నాను. నా సెయ్యట్టుకునే పోనాది." సంచీ భుజం మార్చుకుంది. "మీ ఆయన పంపినాడేటే, అనడిగింది."

"నువ్వేటన్నావు?"

"పంపినాడన్నాను. బండి ఎక్కించి మరీ ఎళ్లినాడన్నాను. మంచోడు అంది."

సంచీ అందుకోవడానికి చెయ్యి చాపబోయి, ఆ పాటికి కూడా మొహం చెల్లక, ఆదినారాయణ గుమ్మంలోంచి పక్కకి తప్పుకున్నాడు.