ఎడమవైపు స్పీకరు

బెన్హర్ వ్యానులో పాత స్టీరియో మూగబోయి నెల దాటింది. రోజూ రొయ్యల కంపెనీకి ఎక్కే ఆడవాళ్ళు పాటలు లేవని ఒకటే గోల. ఆ పోరు పడలేక ఆదివారం ఆరాధన కాగానే భార్య రెబెక్కమ్మను ఎక్కించుకుని విడవలూరు నుంచి నెల్లూరు వచ్చాడు.

దారి పొడుగునా ఇద్దరి మధ్యా మాట లేదు. అది కొత్తేమీ కాదు. నిరుడు ఇదే వ్యానులో, ఇదే ఎడమ సీట్లో కూర్చుని రెబెక్కమ్మ మెల్లగా ఒక మాట అడిగింది. మొగుడు పోయి కావలిలో ఒంటరిగా కుట్టుపని చేసుకుంటున్న చెల్లెలు జయశీలను మనింటికి తెచ్చుకుందామా అని. బెన్హర్ రోడ్డు వైపే చూస్తూ ఊరుకున్నాడు. ఔననలేదు, కాదనలేదు. పలకని మనిషిని రెండోసారి అడగడానికి ఆమెకు అభిమానం అడ్డొచ్చింది. ఆ రోజు నుంచి వేళకింత అన్నం పెట్టిందే గాని మనసు విప్పి మాట్లాడింది లేదు. మొండితనానికి పోటీ పెడితే జిల్లాలో మొదటి బహుమతి రెబెక్కమ్మదే.

బండ్ల స్టీరియోలు అమ్మే కొట్టులో కిషోర్ బాబు పెద్ద తెర ఉన్న స్టీరియో ఒకటి చూపించాడు. "తొమ్మిదంగుళాలన్నా. ఫోను మాదిరి వేలు పెడితే చాలు."

"సౌండు తిప్పే నాబ్ యాడుండాది?"

"ఇప్పుడు నాబ్‌లు ఎవురు పెడతండారన్నా?"

"గుంతల్లో పోయేటప్పుడు యేలు ఒకచోట పెడితే ఇంకోచోట పడద్ది. నాబ్ ఉండేదే ఇయ్యి."

నాబ్ కోసం ఇన్ని మాటలు ఉన్నాయే ఈయన దగ్గర అని రెబెక్కమ్మకు ఒళ్ళు మండింది.

నాబ్ ఉన్న ఏడంగుళాల తెరే తీసుకున్నారు. కిషోర్ బాబు పాతది ఊడబెరికి, వైర్లు కలిపి, కొత్తది బిగించాడు. ముందు తలుపులకు రెండు కొత్త స్పీకర్లూ పెట్టాడు.

"అన్నా, ఇప్పుడు ఎడమది ఒక్కటే మోగిస్తా, చూడు."

"ఎడమేంది? కుడిపక్కే కదా వస్తండేది. వైర్లు తారుమారు చేసినట్టుండావు."

కిషోర్ బాబు తలుపు అట్ట విప్పి చూసి, మళ్ళీ మోగించాడు. డ్రైవరు సీట్లో ఉన్న బెన్హర్ మళ్ళీ కుడి అనే అన్నాడు. ఎడమ సీట్లో ఉన్న రెబెక్కమ్మ పక్క తలుపు మీద చెయ్యి పెట్టింది. స్పీకరు అరచేతి కింద అదురుతోంది. ఆమె మొగుడి ముఖంలోకి చూసింది. బెన్హర్ గబుక్కున, "సరేలే, బాగనే ఉండాది," అన్నాడు. అలా తొందరగా ఒప్పుకునే మనిషి కాదు అతను.

ఆమె దిగి, చుట్టూ తిరిగి, అతని కిటికీ దగ్గరికి వచ్చింది. "ఎన్నాళ్ళ నుంచి?"

అతను తల దించుకున్నాడు. "రెండేళ్ళవతంది. ఎడమ చెవి పన్జెయ్యదు. తెలిస్తే బండి ఎవురెక్కతారు?"

"నాకన్నా చెప్పకూడదా? జయశీలను తెచ్చుకుందామా అని అడిగితే పలకలేదని, ఏడాదిగా..."

"ఎప్పుడడిగినావే?" బెన్హర్ నిజంగానే తెల్లబోయాడు. "ఆ పిల్ల ఒక్కతే ఎట్టుంటదని నాకూ ఉండాది. నీకే ఇష్టం లేదేమో, అందుకే ఆ మాట ఎత్తడంలేదని ఊరుకున్నా."

రెబెక్కమ్మకు కళ్ళు చెమర్చాయి. రెండోసారి అడగని తన అభిమానమూ చెప్పని అతని భయమూ కలిసి ఏడాది పాటు ఆ పిల్లను ఒంటరిగా ఉంచేశాయి. ఆ సిగ్గు ఆమెను నిలబడనివ్వలేదు. వెళ్ళి బెన్హర్ వెనక సీట్లో కూర్చుని అతని కుడి చెవి దగ్గరికి వంగింది.

"రేపు చెవి డాక్టరు కాడికి. ఇప్పుడు నేరుగా కావలికి పోనీ. దాన్ని నువ్వే పిలవాల, నేను కాదు."

"సరే," అన్నాడు బెన్హర్, ఆమె మాట పూర్తికాకముందే.